ముందు ఏరు పేరు అడగండి

(సాల్మన్ చేపలు పట్టే సీజన్‌కు ముందు, ఉత్తర ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఇంతమంది వస్తారనుకోలేదు. బయట వాన, లోపల బిర్యానీ, రెండూ కలిసొచ్చినట్టున్నాయి. (నవ్వులు)

"ఫిషింగ్ లైసెన్సు ఎలా తీసుకోవాలో చెప్పండి అంకుల్" అని కుర్రాళ్లు పిలిచారు. తీసుకోవడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫోన్లో గవ్ డాట్ యూకే తెరిచి, పేరూ అడ్రసూ కొట్టి, కార్డుతో డబ్బు కడితే అయిపోయింది. ఒక్క జాగ్రత్త. గూగుల్లో అన్నిటికన్నా పైన వచ్చిన సైటు ప్రభుత్వానిదే అయి ఉండాలని రూలేం లేదు. చూడటానికి అచ్చం అలాగే ఉండి, పైన తమ ఫీజు కలుపుకునే సైట్లు ఉన్నాయి. అడ్రసు చదివి డబ్బు కట్టండి.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. లైసెన్సు జేబులో పెట్టుకుని ఏటి దగ్గరికి వెళతాం. అక్కడ ఆ లైసెన్సు చెల్లకపోవచ్చు. లేదా చెల్లుతుంది గానీ దానితో పాటు ఇంకో కాగితం కావాలంటారు. లేదా ఈ ఏటికి అసలు లైసెన్సే అక్కర్లేదంటారు. ఇవన్నీ మన న్యూకాసిల్ నుంచి రెండు గంటల డ్రైవ్ లోపలే జరుగుతాయి. అందుకే ఇక్కడున్న వాళ్లం మిగతా బ్రిటన్ వాళ్లకన్నా ఎక్కువ తికమకపడతాం.

నా అనుభవంలో తికమకంతా ఒక తప్పు ప్రశ్నతో మొదలవుతుంది. "ఇంగ్లండ్‌లో రూల్ ఏంటి? స్కాట్లండ్‌లో రూల్ ఏంటి?" అని అడుగుతాం. మ్యాపులో గీత చూసి, గీతకు ఇటుపక్క ఒక చట్టం, అటుపక్క ఇంకో చట్టం అనుకుంటాం. రోడ్డు మీద స్పీడు లిమిట్‌కి అది సరిపోతుంది. సాల్మన్ చేపకి సరిపోదు. ఇక్కడ చట్టం నదిని పట్టుకుని నడుస్తుంది. "ఏ దేశం" అని కాకుండా "ఏ ఏరు, ఏ నదిలో కలుస్తుంది" అని అడిగితే సగం టెన్షన్ పోతుంది.

ఎందుకలా అంటే ఆ చేప బతుకు అలాంటిది. గోదావరి జిల్లాల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పులస సముద్రం నుంచి వరద నీటికి ఎదురీదుకుంటూ గోదావరిలోకి వచ్చి గుడ్లు పెడుతుంది కదా, సాల్మన్ దారీ అదే. ఏటి పైభాగంలో గులకరాళ్ల మధ్య పుడుతుంది, సముద్రానికి పోయి పెరుగుతుంది, మళ్లీ పుట్టిన ఏటికే వస్తుంది. సీ ట్రౌట్ కూడా అంతే. ఇంకో విశేషం, సీ ట్రౌటూ ఏటిలోనే ఉండిపోయే బ్రౌన్ ట్రౌటూ ఒకే జాతి. కొన్ని సముద్రానికి పోతాయి, కొన్ని పోవు. పోయొచ్చిన దానికి ఒక లైసెన్సు, ఇంటిపట్టున ఉన్నదానికి ఇంకోటి. ఈ చేపను కాపాడాలంటే మొదలు నుంచి సముద్రం దాకా ఏటిని ఒకే చేతిలో పెట్టాలి. మధ్యలో దేశ సరిహద్దు వచ్చిందని అక్కడితో రూలు తెగిపోతే, కింద ఉన్నవాడు పట్టేసుకుంటాడు, పైన ఉన్నవాడికి ఏమీ మిగలదు. ఈ గొడవ ఇక్కడ వందల ఏళ్ల నాటిది.

ముందు మన టైన్ నది సంగతి. పూర్తిగా ఇంగ్లండ్ నది, పేచీ లేదు. పదమూడేళ్లు నిండిన ఎవరికైనా ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే రాడ్ లైసెన్సు, అంటే గాలం వేయడానికి లైసెన్సు, ఉండాలి. పదమూడు నుంచి పదహారు ఏళ్ల పిల్లలకు ఉచితం. ఉచితమే కదా అని తీసుకోకుండా ఉండకూడదు, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసి తీసుకోవాల్సిందే. లైసెన్సు రెండు రకాలు. ఒకటి ట్రౌటుకీ మిగతా మంచినీటి చేపలకీ. రెండోది సాల్మన్, సీ ట్రౌట్‌కి. రెండోది ఏడాదికి తొంభై పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది, మొదటిదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. రెండోది తీసుకుంటే మొదటిది అందులోనే కలిసొస్తుంది, విడిగా కొనక్కర్లేదు. ఒక్కరోజుకీ, ఎనిమిది రోజులకీ కూడా ఇస్తారు. ఇదివరకు ఎప్పుడు కొన్నా మార్చి 31తో అయిపోయేది. ఇప్పుడు కొన్నరోజు నుంచి పన్నెండు నెలలు.

లైసెన్సు లేకుండా దొరికితే గరిష్ఠంగా 2,500 పౌండ్ల దాకా జరిమానా. డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఇక్కడ స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నా. ఇది పార్కింగ్ టికెట్ లాంటిది కాదు. మేజిస్ట్రేట్ కోర్టుకు పోయే నేరం. తర్వాత వీసా దరఖాస్తులో, పౌరసత్వం దరఖాస్తులో కోర్టు శిక్షలు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. చేప కోసం ఆ గడిలో "ఉంది" అని రాసుకునే పరిస్థితి తెచ్చుకోకండి.

ఇక లైసెన్సు ఉంటే సరిపోతుందా? సరిపోదు. చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. లైసెన్సు అంటే గాలం వేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఆ నీళ్లలో వేయడానికి గట్టు మీద హక్కున్నవాళ్ల అనుమతి వేరే కావాలి. అది క్లబ్ కావచ్చు, ఎస్టేట్ కావచ్చు, ఒక రైతు కావచ్చు. డే టికెట్ తీసుకున్నప్పుడు డబ్బు కట్టేశాం కదా అని మడిచి జేబులో పెట్టుకోకుండా, అది చదవండి. అందులో పై హద్దు ఏమిటో, కింది హద్దు ఏమిటో రాసుంటుంది. ఫలానా వంతెన నుంచి ఫలానా కంచె దాకా అని ఉంటుంది. ఏ గట్టు అన్నదీ ఉంటుంది, కుడిదా ఎడమదా అని. ఏటి ఒడ్డున కుడి, ఎడమ అంటే నీళ్లు పారే వైపు ముఖం పెట్టి నిలబడితే వచ్చే కుడి, ఎడమ. నీళ్లకు ఎదురుగా చూస్తూ లెక్కపెట్టుకుంటే అవతలి ఆసామి గట్టు మీదికి చేరుకుంటారు. కింద చిన్న అక్షరాల్లో ఫ్లై, అంటే ఈకలతో పురుగులా కట్టిన ఎర, మాత్రమేనా, నీళ్లలో గిరగిరా తిరిగే స్పిన్నర్ వాడొచ్చా, వానపాము కుదురుతుందా, ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు అన్నవి ఉంటాయి. ప్రభుత్వ రూలు కన్నా క్లబ్ రూలు కఠినంగా ఉండొచ్చు. అప్పుడు క్లబ్ మాటే వినాలి.

టైన్ మీద సాల్మన్ సీజన్ ఫిబ్రవరి 1న మొదలై అక్టోబర్ 31తో ముగుస్తుంది. సీ ట్రౌట్ మాత్రం ఏప్రిల్ 3 దాకా ఆగాలి. జూన్ 16 లోపు పట్టిన ఏ సాల్మన్‌నైనా నీళ్లలోకి వదిలేయాల్సిందే. ఇది ఇంగ్లండ్ మొత్తానికీ ఉన్న రూలు, 1999 నుంచి నడుస్తోంది. తొందరగా వచ్చే వసంతకాలపు చేపలు మరీ తగ్గిపోయాయని పెట్టారు. జూన్ 16 దాటాక కూడా కొన్ని నదుల్లో ఏడాది పొడవునా వదిలేయాల్సిందే. ఆ నదుల జాబితా మారుతుంటుంది. నిరుడు ఫ్రెండు చెప్పాడని ఈ ఏడాది పోకండి.

టైన్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఫ్యాక్టరీల మురుగు, ఊళ్ల మురుగు అంతా కలిసి 1950లకల్లా ఈ నదిలో సాల్మన్ దాదాపు లేకుండా పోయింది. తర్వాత మురుగు కాలువలు బాగుచేశారు, పైన కీల్డర్ దగ్గర గుడ్లు పొదిగించే హేచరీ పెట్టి చేప పిల్లల్ని వదిలారు. ఇవాళ ఇంగ్లండ్‌లో సాల్మన్ ఎక్కువగా గాలానికి పడే నదుల్లో ఇది ముందు వరసలో ఉంది. మురుగు ఆపడం పెద్ద కారణమా, హేచరీయా అని జాలర్లు, శాస్త్రవేత్తలు ఇంకా పోట్లాడుకుంటూనే ఉంటారు. నాకైతే మురుగు ఆపడమే ముఖ్యమనిపిస్తుంది. నీళ్లు బాగుంటే చేప దానంతటదే దారి వెతుక్కుంటుంది.

ఇక ఉత్తరానికి పోదాం. ఏ1 హైవే పట్టుకుని పోతే కాకెట్ నది వస్తుంది. అదీ ఇంగ్లండే, టైన్ రూలే. ఇంకా పైకి పోతే ఈటల్ అనే అందమైన ఊరు, పక్కనే టిల్ అనే ఏరు. చూడ్డానికి అచ్చమైన నార్తంబర్లండ్ ఏరు. రెండు గట్లూ ఇంగ్లండ్‌వే. సెల్‌ఫోన్ సిగ్నల్, పోలీసు, కౌన్సిల్ పన్ను అంతా ఇంగ్లండే. కానీ ఆ ఏరు పోయి స్కాట్లండ్ నుంచి వచ్చే ట్వీడ్ నదిలో కలుస్తుంది. కాబట్టి అక్కడ స్కాట్లండ్ పద్ధతే నడుస్తుంది. మీ ఇంగ్లండ్ రాడ్ లైసెన్సుతో అక్కడ పనిలేదు. ఆదివారం సాల్మన్‌కీ సీ ట్రౌట్‌కీ గాలం వేయకూడదు. అదే ఆదివారం నాడు అదే కౌంటీలో, గంట దూరంలో, టైన్ మీద వేయొచ్చు.

ట్వీడ్ పుట్టేది స్కాట్లండ్‌లో. కోల్డ్‌స్ట్రీమ్ దగ్గర నది మధ్యలోనే రెండు దేశాల సరిహద్దు. చివరి కొన్ని మైళ్లు రెండు గట్లూ ఇంగ్లండ్‌వే. బెరిక్ దగ్గర సముద్రంలో కలుస్తుంది, అదీ ఇంగ్లండే. ఇలాంటి నదికి రెండు చట్టాలు పెడితే పనవ్వదని పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించారు. 1857లో, 1859లో ట్వీడ్ కోసమే ప్రత్యేకంగా పార్లమెంటు చట్టాలు చేసింది. ఇప్పుడు 2006 నాటి ఆర్డర్ ప్రకారం రివర్ ట్వీడ్ కమిషన్ నది మొత్తాన్నీ, ఇంగ్లండ్‌లో ఉన్న ఉపనదులతో సహా చూసుకుంటుంది. సీజన్ ఫిబ్రవరి 1 నుంచి నవంబర్ 30 దాకా. సీజన్ మొదట్లోనూ చివర్లోనూ ఫ్లై మాత్రమే.

మరి పడమటికి పోతే కథ తిరగబడుతుంది. కార్లైల్ దాటాక లాంగ్‌టౌన్ దగ్గర ఎస్క్ నది ఉంది. దీన్ని బోర్డర్ ఎస్క్ అంటారు, ఎందుకంటే ఎస్క్ పేరుతో ఇంకా చాలా నదులున్నాయి. ఇది ఎక్కువ దూరం స్కాట్లండ్‌లోనే పారుతుంది. లాంగమ్ అనే స్కాట్లండ్ ఊరు దాని ఒడ్డునే ఉంది. కానీ చివరకు ఇంగ్లండ్‌లోకి వచ్చి సోల్వే అఖాతంలో కలుస్తుంది. కాబట్టి స్కాట్లండ్‌లో నిలబడి గాలం వేసినా సరే, ఈ ఏటికి ఇంగ్లండ్ రాడ్ లైసెన్సు కావాలి. స్కాట్లండ్‌లో రాడ్ లైసెన్సు అడిగే చోటు ఇదొక్కటే. టిల్ మీద ఇంగ్లండ్‌లో ఉండి స్కాట్లండ్ పద్ధతి, ఎస్క్ మీద స్కాట్లండ్‌లో ఉండి ఇంగ్లండ్ లైసెన్సు. దేశం పేరు పట్టుకుంటే రెండు చోట్లా తప్పే. నది పేరు పట్టుకుంటే రెండు చోట్లా సరిపోతుంది.

ఈ ఎస్క్ ఒక్కటి తీసేస్తే మిగతా స్కాట్లండ్‌లో రాడ్ లైసెన్సే లేదు. ఇది విని మనవాళ్లు "అయితే ఫ్రీ" అనుకుంటారు. అక్కడ సాల్మన్ పట్టే హక్కు భూమితో సంబంధం లేకుండా విడిగా అమ్ముడుపోయే ఆస్తి. పొలం ఒకరిది, ఆ పొలం పక్కనే పారే నీళ్లలో సాల్మన్ హక్కు ఇంకొకరిది కావొచ్చు. ఆ హక్కుదారు రాతపూర్వక అనుమతి లేకుండా సాల్మన్‌కి గాలం వేస్తే 2003 చట్టం ప్రకారం నేరం. నోటిమాట చాలదు, రాత ఉండాలి. నదిలోనే కాదు, ఒడ్డు నుంచి కిలోమీటరున్నర దాకా సముద్రంలోనూ ఇదే వర్తిస్తుంది. అక్కడి చట్టంలో సాల్మన్ అంటే సీ ట్రౌట్ కూడా కలిపే. అనుమతి సంపాదించడం కష్టమేం కాదు. ఫిష్‌పాల్ లాంటి సైట్లలో రోజువారీ టికెట్లు అమ్ముతారు, ఊళ్లలో ఫిషింగ్ సామాన్ల షాపుల్లోనూ దొరుకుతాయి. ధరల్లో మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఊరి అసోసియేషన్ టికెట్ మనలాంటి వాళ్లకు అందుతుంది. కెల్సో దగ్గర టీవియట్ వచ్చి ట్వీడ్‌లో కలిసే జంక్షన్ పూల్ అని ఒక చోటుంది. మంచి సీజన్‌లో అక్కడ వారానికి వేల పౌండ్లు. పక్కనున్న వంతెన మీద నిలబడి చూడటం ఉచితం. (నవ్వులు)

స్కాట్లండ్‌లో నదుల్ని సాల్మన్ ఎంత ఉందన్న దాన్నిబట్టి ఏటా మూడు తరగతులుగా విడగొడతారు. మూడో తరగతి నదిలో పట్టిన ప్రతి సాల్మన్‌నీ వదిలేయాలి. ఏ నదైనా సరే, మార్చి నెలాఖరు దాకా వదిలేయాలి. సీజన్ తేదీలు కూడా నదికొక రకం. టే నది మీద జనవరి 15న మొదలు, ఆ చలిలో బ్యాగ్‌పైపులు ఊదుకుంటూ ప్రారంభిస్తారు. స్పే మీద ఫిబ్రవరి 11. టే అనగానే ఇక్కడ అందరూ జార్జినా బాలంటైన్ పేరు చెబుతారు. 1922 అక్టోబర్‌లో 64 పౌండ్ల సాల్మన్ పట్టింది, అంటే 29 కిలోలు. బ్రిటన్‌లో గాలానికి పడ్డ సాల్మన్ రికార్డు ఇప్పటికీ ఆవిడదే.

వేల్స్ గురించి తక్కువ చెబుతాను. ఇంగ్లండ్ లైసెన్సే అక్కడా చెల్లుతుంది. రూల్స్ మాత్రం చాలా గట్టివి. 2020 జనవరి నుంచి సాల్మన్ ఒక్కటి కూడా ఉంచుకోకూడదు. అరవై సెంటీమీటర్లు దాటిన సీ ట్రౌట్ కూడా వదిలేయాలి. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు ఉండకూడదు, ఉంటే ప్లయర్‌తో నొక్కేసుకోవాలి. వై నది అటూ ఇటూ రెండు దేశాల్లోనూ పారుతుంది. అక్కడ కూడా సాల్మన్ మొత్తం వదలాల్సిందే.

డబ్లిన్‌లో, బెల్‌ఫాస్ట్‌లో అన్నదమ్ములున్న వాళ్లు ఇక్కడ కొందరున్నారు. వాళ్లకోసం ఐర్లండ్ ముక్క. ఐర్లండ్ రిపబ్లిక్‌లో సాల్మన్‌కీ సీ ట్రౌట్‌కీ ప్రత్యేక లైసెన్సు ఉంటుంది. దాంతోపాటు ఒక లాగ్‌బుక్కు, ట్యాగులు ఇస్తారు. సాల్మన్‌ని గానీ, నలభై సెంటీమీటర్లు దాటిన సీ ట్రౌట్‌ని గానీ ఉంచుకుంటే, వెంటనే మొప్పలోంచి నోట్లోకి ట్యాగు దూర్చి బిగించాలి, బుక్కులో రాయాలి. ఇంటికొచ్చాక తీరిగ్గా రాద్దామంటే కుదరదు. సీజన్ మొత్తానికి పది చేపలే. నదుల్ని ఏటా కొన్ని ఉంచుకోవచ్చనీ, కొన్ని పట్టి వదలాలనీ, కొన్ని అసలు మూసేశామనీ ప్రకటిస్తారు.

ఉత్తర ఐర్లండ్‌లో మళ్లీ వేరే శాఖ, వేరే లైసెన్సు. కానీ అక్కడ కూడా నదే గెలిచింది. ఫోయిల్ నదీ దాని ఉపనదులూ సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. ఆ రెండు ప్రభుత్వాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజుల్లోనే, 1952లో, చేపల కోసం కలిసి ఒక కమిషన్ పెట్టుకున్నాయి. 1998 శాంతి ఒప్పందం తర్వాత ఆ పని లాక్స్ ఏజెన్సీ అనే ఉమ్మడి సంస్థకు వెళ్లింది. అందుకే డొనెగాల్‌లో ఫిన్ నది మీద, రిపబ్లిక్ గడ్డ మీద నిలబడి ఉన్నా, ఆ ఏజెన్సీ లైసెన్సు అడుగుతారు. రాజకీయ నాయకులకు కుదరని సయోధ్య సాల్మన్ కుదిర్చిందని అక్కడి వాళ్లు జోకేస్తారు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. చేప చేతిలో పడ్డాక అది సాల్మనా, సీ ట్రౌటా? ఇంగ్లండ్‌లో మే నెలలో అయితే ఒకదాన్ని తప్పనిసరిగా వదలాలి, ఇంకోదానికి రూలు వేరు. రెండూ వెండిలా మెరుస్తుంటాయి. ముందు చేపను నీళ్లలోనే, వలలోనే ఉంచండి, గట్టు మీదికి లాగకండి. తోక మొదలు చూడండి. సాల్మన్‌కి అక్కడ మణికట్టులా సన్నగా నొక్కినట్టు ఉంటుంది, చేత్తో పట్టుకుంటే పట్టు దొరుకుతుంది. సీ ట్రౌట్‌కి అక్కడ లావు, పట్టుకుంటే జారిపోతుంది. తోక చివర సాల్మన్‌కి లోపలికి వంపు తిరిగి ఉంటుంది, పెద్ద సీ ట్రౌట్‌కి దాదాపు కత్తిరించినట్టు నిటారుగా ఉంటుంది. తర్వాత నోరు. పై దవడ ఎముక కంటి వెనక అంచు దగ్గరే ఆగితే సాల్మన్. కన్ను దాటి వెనక్కి పోతే సీ ట్రౌట్. ఇంకా అనుమానమా? వీపు మీద తోకకు దగ్గర్లో ఉండే చిన్న కొవ్వు రెక్క నుంచి ఒంటి పక్కన పొడవునా ఉండే గీత దాకా ఏటవాలుగా పొలుసులు లెక్కపెట్టండి. సాల్మన్‌కి పది నుంచి పదమూడు, సీ ట్రౌట్‌కి పదమూడు నుంచి పదహారు. సరిగ్గా పదమూడే వస్తే దేవుడి మీద భారం వేసి వదిలేయండి. (నవ్వులు) నిజంగానే అంటున్నా. తెలియకపోతే వదిలేయడమే మంచిది. లెక్కపెడుతూ కూర్చుంటే చేప ప్రాణం పోతుంది.

ట్రౌట్ లైసెన్సు మాత్రమే ఉండి, ట్రౌట్ కోసమే వేస్తే పొరపాటున సీ ట్రౌట్ పడిందనుకోండి. గాయం కాకుండా వెంటనే వదిలేయండి. కానీ జులై రాత్రి పన్నెండింటికి, సీ ట్రౌట్ ఎక్కే మడుగులో, సీ ట్రౌట్ ఫ్లై కట్టుకుని నిలబడి "నేను బ్రౌన్ ట్రౌట్ కోసం వచ్చాను సార్" అంటే ఏటి కాపలా చూసే బెయిలిఫ్ నమ్మడు. సీ ట్రౌట్ చీకట్లోనే బాగా పడుతుందని వాళ్లకి మనకన్నా బాగా తెలుసు.

ఇంకోటి, సీజన్ అయ్యాక. ఇంగ్లండ్, వేల్స్ సాల్మన్ లైసెన్సు ఉన్నవాళ్లు ఏటా లెక్క చెప్పాలి. ఏ నదిలో ఎన్ని రోజులు, ఎన్ని పట్టాం, ఎన్ని వదిలాం అని. కొత్త ఏడాది జనవరి 1 లోపు ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. ఏమీ పట్టకపోయినా సున్నా అని రాయాలి. మనవాళ్లు చేప పడితే ఫేస్‌బుక్‌లో పెడతారు, సున్నా మాత్రం ఎవరికీ చెప్పరు. ఆ సున్నాలు లేకపోతే ఏ నదిలో చేప తగ్గిందో ఏజెన్సీ వాళ్లకి తెలిసే దారి లేదు. 2023 డిసెంబర్‌లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం బ్రిటన్ సాల్మన్‌ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న వాటిలో చేర్చింది. రూల్స్ ఏటికేడు బిగుస్తున్నది ఊరికే కాదు.

నా ఫిర్యాదు కూడా ఒకటి చెప్పనివ్వండి. నదిని బట్టి చట్టం అన్నది తెలివైన పనే. కానీ దాన్ని మామూలు మనిషికి చెప్పే తీరు మాత్రం దారుణం. ఒక పేజీలో లైసెన్సు, ఇంకో పేజీలో సీజన్, మూడో చోట వదిలే రూలు, నాలుగో చోట నది తరగతి. మ్యాపు మీద వేలు పెడితే ఆ ఏటికి ఏమేం కావాలో చూపించే ఒక్క పేజీ నాకు ఇంతవరకూ కనబడలేదు. చేయగలిగిన ఐటీ వాళ్లు ఈ హాల్లో సగం మంది ఉన్నారు. (నవ్వులు, చప్పట్లు)

ప్రశ్నలుంటే అడగండి. భోజనాలకు ఇంకా పది నిమిషాలుంది.

ప్రశ్న: అంకుల్, మా నాన్నగారు వచ్చే నెల ఇండియా నుంచి వస్తున్నారు. నా లైసెన్సు మీద ఆయన కాసేపు పట్టుకోవచ్చా?

కుదరదమ్మా. లైసెన్సు మనిషిది, రాడ్‌ది కాదు. విజిటర్ వీసా మీద వచ్చినా కావాల్సిందే. ఆయనకి ఒకరోజు లైసెన్సు విడిగా తీసుకో, పది నిమిషాల పని. టికెట్ కూడా ఆయన పేరు మీద ఉండాలి. పక్కన కూర్చుని చూడటానికి మాత్రం ఏమీ అక్కర్లేదు. నువ్వు గాలం వేస్తుంటే ఆయన అక్కడి నుంచే సలహాలు ఇస్తారు, అదెలాగూ ఆగదు.

ప్రశ్న: అందరూ వదలడం గురించే చెబుతున్నారు. పులుసు పెట్టుకునే యోగం మాకు లేదా?

ఉంది, సూపర్‌మార్కెట్‌లో. (నవ్వులు) అక్కడ దొరికేది చాలావరకు పెంచిన సాల్మన్. దానికి ఏ లైసెన్సూ వద్దు. నదిలో పట్టింది ఉంచుకోవచ్చన్న చోట ఉంచుకుని వండుకోండి, తప్పులేదు. అమ్మకూడదు. గాలానికి పడ్డ సాల్మన్ అమ్మకం ఇంగ్లండ్, వేల్స్‌లో 2009 నుంచి, స్కాట్లండ్‌లో అంతకు ముందు నుంచే నిషేధం. పబ్బులో ఎవరో కవర్లో పెట్టి "ఫ్రెష్, చవక" అని ఇస్తే తీసుకోకండి. 1986 సాల్మన్ చట్టంలో 32వ సెక్షన్ ఒకటుంది. అనుమానాస్పద పరిస్థితుల్లో సాల్మన్‌ని తీసుకోవడం, దాచిపెట్టడం కూడా నేరమే. పేరు వింటే నవ్వొస్తుంది గానీ, ఆ సెక్షన్ ఇప్పటికీ అమల్లోనే ఉంది.

ప్రశ్న: పింక్ సాల్మన్ పడితే కూడా వదిలేయాలా?

మంచి ప్రశ్న. అక్కడ రూలు తలకిందులు. అది ఇక్కడి చేప కాదు. రష్యా వైపు వదిలినవి ఇటు వచ్చాయి, 2017లో బాగా కనబడ్డాయి, అప్పటినుంచీ బేసి సంవత్సరాల్లో వస్తున్నాయి. తోక మీద పెద్ద పెద్ద కోలగా ఉండే నల్ల మచ్చలు, నోట్లో నలుపు, మగదానికి వీపు మీద గూని. అదేనని గట్టిగా తెలిస్తే నీళ్లలోకి వదలొద్దు, బాధ లేకుండా చంపి, సంబంధిత ఏజెన్సీకి ఫోన్ చేయమంటారు. సందేహం ఉంటే మాత్రం ఫోటో తీసి వదిలేయండి.

ప్రశ్న: టైన్‌మౌత్ దగ్గర సముద్రంలో వేసుకుంటే లైసెన్సు కావాలా?

మాకెరెల్ కోసమైతే అక్కర్లేదు. మన కానాగంతలకు చుట్టం అది, ఎండాకాలంలో పిల్లల్ని తీసుకెళ్లడానికి దానంత సరదా లేదు. సాల్మన్, సీ ట్రౌట్ కోసం వేస్తే మాత్రం సముద్రమైనా సరే లైసెన్సు కావాలి. పొరపాటున పడితే వదిలేయండి. అసలు కొత్తవాళ్లకు నా సలహా వేరే. మొదటి ఏడాదే సాల్మన్ లైసెన్సు కొనకండి. మామూలు ట్రౌట్ లైసెన్సు తీసుకుని, ట్రౌట్ వదిలి పెంచే చెరువు దగ్గరికి పోయి గాలం విసరడం నేర్చుకోండి. చేతికి అలవాటయ్యాక ఒక క్లబ్‌లో పేరు రాయించండి. కొన్నిటికి వెయిటింగ్ లిస్టు ఉంటుంది, కాబట్టి అది మాత్రం ఇవాళే రాయించండి.

ప్రశ్న: నాకు ఆదివారం ఒక్కటే సెలవు. షిఫ్టులు. నేనెక్కడికి పోవాలి?

ఇది విని మాత్రం నాకు బాధేస్తుంది, ఎందుకంటే మన నర్సులు, కేర్ హోముల్లో పనిచేసేవాళ్లు చాలామంది పరిస్థితి ఇదే. స్కాట్లండ్ ఆదివారం రూలు పాతకాలం నాటిది, మారుతుందన్న ఆశ నాకు లేదు. ట్వీడ్, టిల్ వదిలెయ్. టైన్, కాకెట్ రెండిట్లోనూ చట్టం ఆదివారాన్ని ఆపదు. కానీ కొన్ని క్లబ్బులు వాటంతట అవే ఆదివారం వద్దని పెట్టుకుంటాయి, టికెట్ కొనేముందు అడుగు. తప్పక స్కాట్లండే పోవాలనుంటే, ఆదివారం బ్రౌన్ ట్రౌట్ పట్టుకోవచ్చు, అక్కడి హక్కుదారు అనుమతి ఉంటే. సీజన్ మార్చి మధ్యలో మొదలవుతుంది. సాల్మన్ రాడ్ మాత్రం కారు డిక్కీలో కూడా పెట్టుకుపోకు, బెయిలిఫ్ చూస్తే ఆ ఆదివారమంతా సంజాయిషీ చెప్పుకోవడానికే సరిపోతుంది.